తుకారాం సార్‌కు ఊఁ కొట్టినవాడు

తుకారాం సార్ నాకు ఒప్పజెప్పిన పని చిన్నది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఊఁ కొట్టాలి. ఆయన తప్పు పోయిన చోట కొట్టకుండా ఆగాలి. ఆ రెండో పనే నావల్ల కాలేదు.

మా వైపు కథ చెప్పేవారి ముందు ఊఁ కొట్టే మనిషి ఒకరు ఉండాలి. ఊఁ లేకపోతే కథ ముందుకు పోదు. బోధన్ శక్కర్‌నగర్‌లో, చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లలో, మా ఇంటికీ సార్ వాళ్ల ఇంటికీ ఒకటే గోడ. తుకారాం సార్ తల్లి రుక్మాబాయిని నేను పెద్దవ్వ అనేవాణ్ణి. పొద్దటి షిఫ్టు వదిలే సైరన్ మోగేదాకా ఆమె మా పిల్లలందరినీ కూర్చోబెట్టుకుని పండరిపురం కథలు చెప్పేది. సగం మరాఠీ, సగం తెలుగు. ఊఁ కొట్టే పని నాది. నేను కునికి ఊఁ ఆపితే పెద్దవ్వ కూడా అక్కడే ఆగేది. కథలో భక్తుడు ఒక కాలు చంద్రభాగ నీళ్లలో, రెండో కాలు ఒడ్డు మీద పెట్టి, నేను మళ్లీ కళ్లు తెరిచేదాకా అట్లాగే నిలబడేవాడు.

తుకారాం నాకంటే ఆరేళ్లు పెద్ద. వాళ్ల నాయన ఫ్యాక్టరీలో పాకం మరిగించే పాన్ దగ్గర పెద్ద పనివాడు. చెరుకు రసం చిక్కబడి దాణా, అంటే చక్కెర పలుకు, ఎప్పుడు పడుతుందో కంటితో చూసి చెప్పగలిగినవాడు. తుకారాం బాగా చదివి హైదరాబాదు పోయాడు, అక్కడి నుంచి పూణే పోయాడు. ఈ విశ్వం ఎట్లా మొదలైంది, ఎట్లా పెరిగింది అన్నదే నలభై ఏళ్లు ఆయన పని. నేను పదో తరగతి దాకా చదివి, అదే ఫ్యాక్టరీలో పాన్ దగ్గర హెల్పరుగా ఇరవై ఆరేళ్లు చేశాను. ఫ్యాక్టరీ ఆగిపోయాక బోధన్ బస్టాండు దగ్గర పూజ సామాను దుకాణం పెట్టుకున్నాను. కర్పూరం, ఊదుబత్తులు, కుంకుమ.

పోయిన కార్తీకంలో ఒక రోజు సార్ ఆ దుకాణానికి వచ్చాడు. భార్య చనిపోయింది, పిల్లలు లేరు, నిజామాబాదులో మేనకోడలు శిరీష దగ్గర ఉంటున్నాడని అంతకు ముందే విన్నాను. శిరీష జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఆమె బయట స్కూటీ దగ్గరే నిలబడింది. సార్ స్టూలు మీద కూర్చుని, కర్పూరం డబ్బా చేతిలోకి తీసుకుని, మూత తెరిచి వాసన చూసి పెట్టేశాడు.

"తమ్మీ, నా తలకాయల పాకం సల్లారుతున్నది" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. హైదరాబాదులో డాక్టరు చూశాడు. మతిమరుపు జబ్బు. మెల్లగా మాటలు పోతాయి, తర్వాత మనుషులు పోతారు. మందు ఉంది గానీ అది ఆపదు, కొంచెం నెమ్మది చేస్తుంది.

"పాన్‌ల పాకం సల్లారితే ఏమయితది?"

"బండ అయితది అన్నా. గడ్డపారతోని తవ్వాలె."

"గందుకే ముందుగాలనే పోసెయ్యాలె. తొమ్మిది ఆదివారాలు. తొమ్మిది ముచ్చట్లు. ఉపన్యాసం గాదు, ముచ్చట. మనోళ్లకు, మన మాటల్ల. ఫోన్‌ల రికార్డు చేస్తం. నా శిష్యుడు మధుకర్ హైదరాబాద్‌ల ఉన్నడు, పుస్తకం ఏస్తడు. ఇన్నేండ్లు ఎక్కడెక్కడనో చెప్పిన. ఇక్కడ ఒక్కసారి చెప్పలే."

"మంచిదే గదా అన్నా. మరి నేనేం చెయ్యాలె?"

"ఊఁ కొట్టాలె."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"నేను తప్పు పోతే శిరీషకు తెలుస్తది గానీ అది మేనకోడలు, మొఖం మీద అనదు. నువ్వు నిజంగ ఊఁ కొట్టు. అర్థమైతేనే కొట్టు. అర్థం గాని కాడ ఆగు. నేను తప్పు పోయిన కాడ నీకు అర్థం గాదు. ఊఁ రాదు. నేను ఎనుకకు పోయి సరిచేస్త."

ఇంత చదివిన మనిషి చెప్పిన లెక్క. నాకు అందులో లోపమేమీ కనిపించలేదు. దుకాణంలో ఉన్న పాండురంగడి పటం మీద చెయ్యి పెట్టి సరే అన్నాను.

మాఘ మాసంలో మొదలుపెట్టాం. శక్కర్‌నగర్ వెనక సందులో చిన్న విఠోబా గుడి ఉంది. దాని ముందు రేకుల షెడ్డులో మా భజన మండలి కూర్చుంటుంది. ఆదివారం నాలుగు గంటలకు అక్కడే. మొదటి రోజు పద్నాలుగు మంది వచ్చారు, అందులో తొమ్మిది మంది భజనవాళ్లే. చెరుకు కాంటా దగ్గర పనిచేసిన రాజమల్లు ముందు వరసలో కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. బీడీలు ఎక్కువ తాగుతాడు, రెండు మాటలకొకసారి దగ్గుతాడు.

"సారూ, దేవుడున్నడా లేడా, ముందుగాల గది చెప్పుర్రి" అన్నాడు రాజమల్లు. "ఉంటే భజనకు కూసుంటం. లేకుంటే చాయ్‌కి పోతం."

"రెండూ చేయుర్రి రాజమల్లూ. గా పాఠం నేను సదువలే."

"మరి ఆఖరికి ఏమయితది గిదంతా? భూమి, సూర్యుడు, చుక్కలు?"

"గది తొమ్మిదో ముచ్చట."

"అప్పటిదాక మేముండాలె గదా."

"నేను గూడ" అన్నాడు సార్.

అందరూ నవ్వారు. శిరీష ఫోన్ వైపు చూస్తూ తల వంచుకుంది.

ఆ మొదటి ముచ్చటలో నేను నాలుగుసార్లు ఊఁ ఆపాను. నిజాయితీగానే ఆపాను. చుక్కల గుంపులు ఒకదానికొకటి దూరం పోతున్నాయన్నాడు, ఊఁ అన్నాను. అవి నడిచి పోవడం లేదు, మధ్యలో ఉన్న ఖాళీయే పెరుగుతోందన్నాడు. నా నోట ఊఁ రాలేదు. సార్ ఆగి నా వైపు చూశాడు. తర్వాత ఒక పాత సైకిల్ ట్యూబు ముక్క తెప్పించి, దాని మీద సుద్దతో గీతలు పెట్టి, ఒక కొస రాజమల్లుకిచ్చి లాగమన్నాడు. గీతలు ఎక్కడివక్కడే ఉన్నాయి, అయినా దూరమయ్యాయి.

"ఊఁ" అన్నాను. తర్వాత ఆగలేక అడిగాను. "గుంజుతున్నది ఎవరు సార్?"

సార్ ట్యూబు ముక్కను చుట్టి పక్కన పెట్టాడు. "నాకు తెల్వది. తెల్వది అన్నది గూడ పుస్తకంల రావాలె" అన్నాడు.

ఆ రోజు ఇంటికి వస్తుంటే మనసు నిండుగా ఉంది. రోజూ దేవుడి ముందు కూర్చుంటాను, నాకు తెలియదు అన్న మాట అంత తేలికగా ఎప్పుడూ అనలేదు.

మూడో ముచ్చట అన్నింటికంటే గొప్పది. మొదట్లో ఈ విశ్వమంతా ఒకే వేడి ముద్ద. ఎటు చూసినా ఒకే తీరు. అది చల్లారుతూ చల్లారుతూ, మూడు లక్షల ఎనభై వేల ఏళ్లకు, మూడు వేల డిగ్రీలకు దిగినప్పుడు మొదటిసారి తేటబడింది. అప్పటి వెలుగు ఇప్పటికీ వస్తూనే ఉందట. ఆ వెలుగులో లక్షలో ఒక వంతు తేడాలున్నాయి. ఒక చోట రవ్వంత చిక్కన, ఒక చోట రవ్వంత పలుచన. ఆ రవ్వంత చిక్కదనం చుట్టూ చేరి చేరి ఇన్ని చుక్కలయ్యాయి.

"మా బాపు పాకంల విత్తనం చక్కెర ఏసేటోడు, సిద్దిరాములుకు ఎర్కనే" అన్నాడు సార్, నన్ను చూపిస్తూ. "పిడికెడు పొడి. దాని సుట్టు దాణా కట్టేది. గాజు ముక్క మీద పాకం సుక్క రాసి దీపానికి పట్టి చూసేటోడు. నాకు చూపెట్టేటోడు. నల్లటి దాంట్ల తెల్లగ మెరిసేటియి. నేను మొదలు చూసిన చుక్కలు అవ్వే. గీ విశ్వం గూడ పాకం లెక్క ఉండె. దాణా లెక్క చుక్కలు పడ్డయి."

ఊఁ, ఊఁ అన్నాను.

నాలుగో వారం నుంచి శిరీషకు ఇంటర్ పేపర్లు దిద్దే డ్యూటీ పడింది. ఆదివారాలు కూడా పిలిచారు. సార్‌ను ఆటోలో పంపి, ఫోన్ నాకిచ్చి, ఎర్ర గుండ్రం నొక్కడం నేర్పింది. తర్వాత మూడు ముచ్చట్లూ నేనే నొక్కాను, నేనే ఆపాను.

ఆ మూడు వారాలూ షెడ్డు నిండింది. పాత పనివాళ్లు ఒకరికొకరు చెప్పుకుని ఎడపల్లి నుంచి, నవీపేట్ నుంచి కూడా వచ్చారు. సార్ మాట ఇప్పుడు సాఫీగా పోతోంది. ఆగడం లేదు, వెతుక్కోవడం లేదు. నాలుగో వారం ఆయన ఆ మొదటి వేడి గురించి మళ్లీ చెప్పాడు. "అరవై రెండు డిగ్రీలు. గంతకంటె ఎక్కువైతే పాకం రంగు మారుతది" అన్నాడు. ఊఁ అని గట్టిగా అన్నాను. ఇరవై ఆరేళ్లు పాన్ మీద వేడి చూపే గడియారం ముల్లు చూసినవాణ్ణి. అరవై రెండు కరెక్టు. అయిదో వారం, "మూడు షిఫ్టులు పట్టింది. మూడో షిఫ్టుల తేటవడ్డది" అన్నాడు. ఊఁ అన్నాను. ఆరో వారం ఆయన కళ్లు మెరుస్తున్నాయి.

"అంత పాకమే ఉండె. ఎటు జూసినా పాకమే. బాపు నిలవడి చూస్తున్నడు. ఇంక గాలే, ఇంక గాలే అంటున్నడు. తర్వాత బాపు చెయ్యి పెట్టి పిడికెడు విత్తనం ఏసిండు. చుక్కలన్నీ పడ్డయి."

నేను చేతులు జోడించాను. బాపు అంటే నాకు పరమాత్మ అని అర్థమైంది. ఇన్నేళ్లు దేవుడి పాఠం చదవలేదన్న మనిషి చివరికి ఆ మాట అన్నాడనుకున్నాను. విఠోబా విగ్రహం వైపు చూసి ఊఁ అన్నాను. అంత నిండుగా నేనెప్పుడూ ఊఁ కొట్టలేదు. రాజమల్లు కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"సదువుకున్నోడంటే గిట్ల చెప్పాలె" అన్నాడు బయటికి వచ్చాక. "మొదటి రోజు నాకు ఒక్క ముక్క అర్థం గాలే. ఇయ్యాల అంత అర్థమైంది."

"నాక్కూడ" అన్నాను.

బుధవారం మధ్యాహ్నం శిరీష మా ఇంటికి వచ్చింది. నా భార్య భీమవ్వ గుమ్మం దగ్గర చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. శిరీష ఎండలో వచ్చి నీళ్లు కూడా తాగలేదు.

"కాకా, మధుకర్ సార్ ఫోన్ చేసిండు. నాలుగు, అయిదు, ఆరు విన్నడట."

"మంచిగున్నయా?"

ఆమె నా ముఖం చూసింది. "మీరు ఊఁ కొట్టిండ్రు కాకా. అన్నిటికి కొట్టిండ్రు."

"ఈయన ఊఁ సంగతి నన్నడుగు బిడ్డా" అంది భీమవ్వ, దారం బిగిస్తూ. "ఉప్పు తెమ్మంటే ఊఁ అంటడు. ఉప్పు రాదు."

శిరీష నవ్వలేదు. ఫోన్ తీసి మూడో ముచ్చట పెట్టింది. పాకం లెక్క, దాణా లెక్క అన్నది సార్ గొంతు. తర్వాత నాలుగోది పెట్టింది.

"మూడో దాంట్ల లెక్క అన్నడు, అంటే అసొంటిది అని. పాకం లెక్క. నాలుగో దాంట్ల లెక్క అన్న మాట పోయింది. చూడుర్రి. మూడు వేల డిగ్రీలు పోయి అరవై రెండు వచ్చింది. మూడు లక్షల ఎనభై వేల ఏండ్లు పోయి మూడు షిఫ్టులు వచ్చినయి. ఆయన విశ్వం గురించి చెప్తలేడు కాకా. ఫ్యాక్టరీ గురించి చెప్తున్నడు. అదీ ఇదీ ఒకటే అయిపోయినయి ఆయనకు."

"బాపు అన్నడు గదా…"

"బాపు అంటే వాళ్ల బాపే. మా తాత."

భీమవ్వ చెయ్యి ఆగింది.

"మీకు అర్థం గాకుంటే ఆగమన్నడు గదా. ఎందుకు ఆగలే?" శిరీష గొంతులో కోపం లేదు, అలసట ఉంది.

"అర్థం గాకుంటే ఆగుదును బిడ్డా. అర్థమైంది. మొదటి మూడిటి కంటె మంచిగ అర్థమైంది."

అదే జరిగింది. నాకు ఆకాశం తెలియదు, పాకం తెలుసు. ఆయన ఆకాశం వదిలి పాకంలోకి దిగినకొద్దీ నాకు తేటబడింది. తప్పు దగ్గర నాకు అర్థం కాదనుకున్నాడు ఆయన. తప్పు దగ్గరే అర్థమైంది. షెడ్డులో నలభై మందిమీ పాకం పనివాళ్లమే. మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు.

"ఇంట్ల నీకు తెల్వలేదా?" అని అడిగింది భీమవ్వ.

"ఇంట్ల మాట్లాడడు చిన్నమ్మా. వారమంత గోడకు కూసుంటడు. ఆదివారం కోసం దాసుకుంటున్నడనుకున్న."

పుస్తకం సంగతి అడిగాను. మధుకర్ తానే సరిచేసి రాయవచ్చు, కానీ అప్పుడది సార్ పుస్తకం కాదన్నాడట. తాను చెప్పిందీ, సిద్దిరాములుకు అర్థమైందీ తప్ప ఒక్క వాక్యం కూడా చేర్చవద్దని సార్ ముందే కాగితం మీద రాసిచ్చాడట. మూడు ముచ్చట్లతో పుస్తకం కాదు. మిగిలిన మూడూ నిలిస్తే ఏదైనా చేయవచ్చునన్నాడట.

"నిలవవు కాకా" అంది శిరీష. "ఇగ రికార్డు ఉత్తదే. ఆయన చెప్పుకోనీ. మీరు ఊఁ కొట్టుర్రి. ఆదివారం పొద్దున తెల్లంగి ఏసుకొని తయారై కూసుంటడు. గదొక్కటే మిగిలింది ఆయనకు."

"నేను ఒట్టేసిన బిడ్డా. పాండురంగని మీద."

"ఒట్టు దేవునిది" అంది భీమవ్వ. "గా ముసలాయనకు ఊఁ అంటే దేవునిదేం పోయింది?"

ఆ మూడు రోజులూ గుడికి పోయి కూర్చున్నాను. ఏది మేలు అని అడిగాను. నలభై ఏళ్లుగా ఆ విగ్రహంతో మాట్లాడుతున్నాను, అది ఏనాడూ ఊఁ అనలేదు. అయినా నా మాట ఆగలేదు. సార్ మాట మాత్రం ఊఁ లేకపోతే ఆగుతుంది. మరి ఎన్నడూ ఊఁ అనని దేవుడితో నేను ఇన్నేళ్లు ఎట్లా మాట్లాడగలిగాను అని మొదటిసారి అనుమానం వచ్చింది. అది అడగకూడని ప్రశ్నేమో తెలియదు. అడిగాను. ఎప్పటిలాగే ఏమీ వినిపించలేదు.

ఏడో ఆదివారం ఎండ మండిపోతోంది. రేకుల కింద మనుషులు కండువాలతో విసురుకుంటున్నారు. శిరీష డ్యూటీ ఇంకా అయిపోలేదు. ఫోన్ హారతి పళ్లెంలో పెట్టి ఎర్ర గుండ్రం నొక్కాను. సార్ తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. నన్ను చూసి, "తమ్మీ, సురువు చేద్దామా" అన్నాడు.

ఒక సంగతి నాకు నేను తేల్చుకుని పోయాను. నాకు ఎక్కడ మరీ బాగా అర్థమైతే అక్కడ తప్పు. అక్కడ ఊఁ ఆపాలి. మాట ఇచ్చాను, మూడు వారాలు తప్పాను. పుస్తకానికి ఇంకా మూడు ముచ్చట్లు కావాలి. ఆయన వెనక్కి పోయి సరిచేసుకుంటానన్నాడు, సరిచేసుకోనీ అనుకున్నాను.

"ఇయ్యాల చీకటి ముచ్చట" అన్నాడు సార్. "మనకు కనవడేది తక్కువ. కనవడనిది ఎక్కువ."

"ఊఁ."

"కనవడనిది ఉన్నదని ఎట్ల తెలిసింది? తిరిగేదాన్ని చూసి తెలిసింది. చుక్కల గుంపు గిర్రున తిరుగుతది. గంత జోరుగ తిరిగితే అంచుకున్న చుక్కలు ఎగిరిపోవాలె. పోతలేవు."

"ఊఁ." ఇది నాకు కొంచెం కష్టంగానే అర్థమైంది. అందుకే ధైర్యంగా అన్నాను.

"మన చక్కెర మిషన్ యాదికున్నదా? పాకం పోసి తిప్పుతరు. చక్కెర ఎగిరిపోదు. జాలి…"

రాజమల్లుకు దగ్గు వచ్చింది. సార్ మాట్లాడుతూనే ఉన్నాడు.

"…పట్టుకున్నది. గదే చీకటి."

ఆ జాలి నా కళ్ల ముందు నిలబడింది. సన్న చిల్లుల ఇత్తడి జల్లెడ, దాన్నే జాలి అంటాం. షిఫ్టు మారేటప్పుడు వేడి నీళ్లతో కడిగేవాళ్లం. జాలి చక్కెరను పట్టుకోవడం నేను వేల సార్లు చూశాను. ఎంతో బాగా అర్థమైంది. ఊఁ గొంతు దాకా వచ్చింది. పళ్లు బిగబట్టాను.

సార్ ఆగాడు. నా వైపు చూశాడు.

"పట్టుకున్నది" అన్నాడు మళ్లీ, కొంచెం మెల్లగా.

నేను తల వంచుకున్నాను. వెనక ఎవరో కుర్చీ జరిపారు.

"తప్పా తమ్మీ?"

అవునన్నట్టు తల ఊపాను.

ఆయన నుదురు మీద వేళ్లు పెట్టుకున్నాడు. వెనక్కి పోవడానికి ప్రయత్నిస్తున్నాడని తెలుస్తోంది. పెదవులు కదిలాయి. ఏదో వాక్యం మొదటికి పోయి వెతికి, దొరక్క, ఇంకో వాక్యం మొదటికి పోయాడు. చాలాసేపటికి తలెత్తి అడిగాడు.

"ఎప్పటి సంది?"

ఈ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. అబద్ధం చెప్పవచ్చు. ఇప్పుడే అన్నా అనవచ్చు. పాండురంగడు ఎదురుగా నిలబడి ఉన్నాడు, నడుము మీద చేతులు పెట్టుకుని.

"నాలుగో ముచ్చట కాన్నుంచి అన్నా."

"మరి నువ్వు ఊఁ కొట్టినవ్ గద."

ఆ మాటలో నింద లేదు. ఆశ్చర్యం ఉంది. చిన్నప్పుడు గాజు ముక్క మీద చుక్కలు చూసినప్పుడు ఇట్లాగే అడిగి ఉంటాడు, ఇవి ఎక్కడివి అని.

సంగతి ఏమిటో షెడ్డులో వాళ్లకు తెలియలేదు. సార్ మరిచిపోయాడనుకున్నారు. రాజమల్లు ముందుకు వంగి, "ఊఁ సారూ. జాలి పట్టుకున్నది. చెప్పుర్రి" అన్నాడు. పక్కవాడు ఊఁ అన్నాడు. వెనక వరస ఊఁ అంది. నలభై మంది, ఒకరి తర్వాత ఒకరు ఊఁ కొట్టారు. సార్ వాళ్లెవరినీ చూడలేదు. నన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి చెప్పులు వేసుకున్నాడు. కుడిది ఎడమ కాలికి వేసుకున్నాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని మార్చి తొడిగాను.

ఆటోలో నిజామాబాదు దాకా పక్కన కూర్చున్నాను. ఎడపల్లి దగ్గర ఒకప్పుడు అంతా చెరుకు ఉండే చోట వరి కోసిన మళ్లు, కాల్చిన గడ్డి కనిపించాయి. ఆయన బయటికి చూస్తూ ఉన్నాడు.

మర్నాడు పొద్దున శిరీష ఫోన్ చేసింది.

"కాకా, నిన్నటిది విన్న. మధుకర్ సార్ గూడ విన్నడు."

"ఊఁ" అన్నాను, అలవాటుగా.

"తప్పేం లేదు కాకా. నిన్న ఒక్క మాట గూడ తప్పు పోలేదు. మూడో ముచ్చట కంటె మంచిగ మొదలువెట్టిండు."

"జాలి పట్టుకున్నది అన్నడు బిడ్డా."

"జాలి లెక్క ఏదో పట్టుకున్నది అన్నడు. రాజమల్లు కాకా దగ్గు కింద వడ్డది. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే వినవడ్తది."

ఆమె ఇంకేదో చెప్పింది. డాక్టరు ముందే అన్నాడట, మధ్య మధ్య ఒక్కో రోజు మబ్బు విడిచినట్టు ఉంటుందని. అటువంటి రోజు మళ్లీ రాకపోవచ్చునని కూడా అన్నాడట.

ఆ మధ్యాహ్నమే నిజామాబాదు పోయాను. సార్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. కాళ్ల దగ్గర కూర్చుని చెప్పాను. అన్నా, నిన్న నువ్వు తప్పు పోలేదు, నేనే తప్పు పోయిన, లెక్క అన్న మాట నాకు వినవడలే. మూడుసార్లు చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని నిమిరాడు. చెప్పింది అందిందో లేదో తెలియదు.

ఎనిమిదో ఆదివారం తెల్లచొక్కా వేసుకోలేదు. తొమ్మిదో ఆదివారానికి నన్ను తమ్మీ అనడం మానేశాడు. మధుకర్ హైదరాబాదు నుంచి ఒకసారి వచ్చి, గంటసేపు కూర్చుని, కళ్లజోడు తీసి తుడుచుకుని వెళ్లిపోయాడు. పుస్తకం మాట ఎవరూ ఎత్తలేదు.

రాజమల్లు అప్పుడప్పుడు దుకాణం ముందు ఆగుతాడు.

"ఏమయితదట సిద్దన్నా ఆఖరికి? సారు చెప్పిండా?"

"చెప్పలే."

"నువ్వడగకపోయినవ్?"

"అడిగిన."

దగ్గుకుంటూ వెళ్లిపోతాడు. ఆ దగ్గు కింద పోయిన మాట సంగతి అతనికి చెప్పలేదు. చెప్పి ఏం లాభం?

ఇప్పటికీ ప్రతి ఆదివారం నాలుగు గంటలకల్లా నిజామాబాదు చేరతాను. సార్ ఎదురుగా కూర్చుంటాను. ఒక్కోసారి ఆయన పెదవులు కదులుతాయి. శబ్దం రాదు. నేను ఊఁ అంటాను. కొంచెం ఆగి మళ్లీ ఊఁ అంటాను. రుక్మాబాయి పెద్దవ్వ కథలో భక్తుడు ఒక కాలు నీళ్లలో పెట్టి నిలబడితే, నేను కళ్లు తెరిచి ఊఁ అనగానే రెండో కాలు తీసేవాడు. ఇక్కడ నేను ఊఁ అనగానే సార్ పెదవులు ఆగిపోతాయి. ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసి, గోడ వైపు తిరుగుతాడు.

అయిదు గంటల బస్సుకు తిరిగి వస్తాను.